శాసనసభ వాకిట్లో నగరం

మనిషికి అవసరమొస్తే అర్జీ రాసుకుని ఎమ్మెల్యేగారింటికి వెళ్తాడు. ఊరికి అవసరమొస్తే సర్పంచి వెళ్తాడు. మరి పదిలక్షల జనాభా ఉన్న నగరానికి అవసరమొస్తే? అదీ అర్జీ పట్టుకునే వెళ్తుంది. కాకపోతే ఆ అర్జీ ఎలా తయారవుతుంది, అందులో ఏముంటుంది, ఎవరు పట్టుకెళ్తారు అన్నవి దేశాన్నిబట్టి మారుతుంటాయి. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రానికి రాజధాని అయిన ఆస్టిన్ నగరాన్ని ఉదాహరణగా తీసుకుని ఆ సంగతి చెప్పడానికి ప్రయత్నిస్తాను. ఆస్టిన్‌నే ఎందుకంటే, అక్కడ నగరానికీ శాసనసభకూ నడిచే తగవు దాపరికం లేనిది. పైగా మనవాళ్లు పెద్దసంఖ్యలో ఇళ్లు కొనుక్కుని స్థిరపడిన రాష్ట్రం అది. ఈ తగవులో తేలే ఇంటిపన్ను వాళ్లూ కడుతున్నారు.

ముందుగా గ్రహించవలసిన సంగతి ఒకటుంది. అమెరికా రాజ్యాంగంలో నగరపాలక సంస్థల ప్రస్తావనే లేదు. కేంద్రం ఉంది, రాష్ట్రాలున్నాయి. నగరమనేది రాష్ట్రం చేసిపెట్టిన బొమ్మ. 1868లో అయోవా రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తి జాన్ డిల్లన్ ఈ మాట కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు. శాసనసభ చట్టంలో రాసి ఇచ్చిన అధికారాలు, వాటినుంచి విడదీయరానివి తప్ప నగరానికి సొంతమంటూ ఏమీ లేవన్నాడు. కొన్నాళ్లకు పిట్స్‌బర్గ్ నగరం, తన పక్కనున్న అలిఘనీ నగరాన్ని కలిపేసుకుంది. అలిఘనీ జనంలో ఎక్కువమంది వద్దన్నారు. అయితే ఓట్లు రెండు నగరాలవీ కలిపి లెక్కపెట్టారు, కాబట్టి పెద్దదాని మాటే నెగ్గింది. 1907లో అమెరికా సుప్రీంకోర్టు అందులో తప్పేమీ లేదని తేల్చింది. నగరాన్ని పెంచినా, తుంచినా, అసలు లేకుండా చేసినా రాష్ట్రం ఇష్టమే అన్నది ఆ తీర్పు సారాంశం.

టెక్సాస్‌లో 1912లో వచ్చిన సవరణవల్ల, 5,000కు పైగా జనాభా ఉన్న నగరాలు తమ పరిపాలనకు సొంత నియమావళి రాసుకునే వీలు కలిగింది. దీన్ని హోమ్‌రూల్ అంటారు. (మనకు ఆ మాట వింటే అనిబిసెంట్ గుర్తొస్తుంది, ఇది వేరు.) అయినా మెలిక అలాగే ఉంది. నగరం చేసిన నిబంధన రాష్ట్ర చట్టానికి అడ్డమొస్తే నిలవదు. అందుచేత శాసనసభ కొలువు తీరినప్పుడల్లా నగరానికి గుండెల్లో రాయి పడుతుంది.

ఆ కొలువు కూడా మనకు కొత్తగా తోస్తుంది. టెక్సాస్ శాసనసభ రెండేళ్లకొకసారి, బేసి సంవత్సరంలో జనవరి రెండో మంగళవారంనాడు మొదలై 140 రోజులకు మించకుండా సాగుతుంది. కింది సభలో 150 మంది, సెనేట్‌లో 31 మంది. గవర్నరు కావాలనుకుంటే 30 రోజుల ప్రత్యేక సమావేశాలు పిలుస్తాడు. ఈమధ్య ఒక్కో సమావేశంలో ఏడువేలకు పైగా బిల్లులు పెడుతున్నారు. ఇందులో ఏ బిల్లు ఏ మూల నగరం కాలికి తగులుతుందో కనిపెట్టి ఉండాలి. ఈ సమావేశం తప్పితే మళ్లీ రెండేళ్లు ఆగాలి. కోత రోజుల్లో కూలీలు దొరక్కపోతే రైతు పడే హైరానా ఎలాంటిదో, ఆ 140 రోజులు నగరానిదీ అలాంటిదే.

కాబట్టి ముందే సిద్ధమౌతారు. సమావేశాలకు ముందు నగర కౌన్సిలు (మేయరు, పదిమంది సభ్యులు) బహిరంగ సభలో ఒక కార్యక్రమపత్రం ఆమోదిస్తుంది. మనకు కావలసినవి ఇవి, మనం ఎదిరించవలసినవి ఇవి అని అందులో రాసి ఉంటుంది. ఎవరైనా చదువుకోవచ్చు. దాన్ని నడిపించడానికి నగరపాలక సంస్థలో ఒక ప్రత్యేక కార్యాలయమే ఉంది. అదిగాక ఫీజు ఇచ్చి లాబీయిస్టులను పెట్టుకుంటారు. ఈ లాబీయిస్టు అనే మాటకు తెలుగులో పైరవీకారుడు అనాలేమో, కానీ మన పైరవీకి ఉన్న వాసన వేరు. అక్కడ జీతం తీసుకుని శాసనసభ్యులను ఒప్పించే పని చేసేవాళ్లు, ఎవరి తరఫున చేస్తున్నారో చెప్పి రాష్ట్ర ఎథిక్స్ కమిషన్ దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి. నమోదైనంతమాత్రాన అందరూ ధర్మాత్ములని కాదు. కనీసం ఎవరు ఎవరి మనిషో కాగితం మీద ఉంటుంది.

ఇక ఆ పత్రంలో ఏముంటుంది? నిధులివ్వండి, రోడ్లు వేయండి అన్న అడుగుళ్లు ఉంటాయి, కాదనను. కానీ అసలు బరువు అక్కడ లేదు. ‘మాకు ఇది ఇవ్వండి’ అన్నదానికంటే ‘మా చేతిలో ఉన్నది లాక్కోకండి’ అన్నదే ఆ పత్రానికి ప్రాణం. ఎందుకలా అన్నది గడచిన కొన్నేళ్ల చరిత్ర చూస్తే బోధపడుతుంది.

మొదటిది పన్ను. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. నగరాలు బతికేది చాలావరకు ఆస్తిపన్నుమీద, అమ్మకపు పన్నులో వాటామీద. ఇళ్ల ధరలు మండిపోయి పన్ను మోతెక్కిపోతోందని జనం గోలపెట్టడంతో 2019లో శాసనసభ ఒక చట్టం చేసింది. కొత్త కట్టడాలు కాక, పాత ఆస్తులమీద నగరం నిర్వహణ ఖర్చులకు వసూలు చేసే పన్ను ఏడాదికి 3.5 శాతానికి మించి పెరగాలంటే ఓటర్లను అడగాలి. అంతకుముందు ఆ హద్దు 8 శాతం. లెక్క చూద్దాం. కిందటేడు 100 డాలర్లు వచ్చినచోట ఈ ఏడు 103 డాలర్ల 50 సెంట్లు వస్తుంది. పోలీసుల జీతాలు, ఫైరింజన్లు, వైద్యబీమా ఖర్చులు అంతకంటే వేగంగా పెరిగితే తేడా ఎక్కణ్ణుంచి తేవాలి? నగరం ప్రశ్న అది. ఇంటాయన ప్రశ్న వేరు: నా జీతం 8 శాతం పెరగనప్పుడు నీ పన్ను ఎందుకు పెరగాలి? రెండూ న్యాయమైన ప్రశ్నలే. ఓటర్లను అడిగితే ఒక్కోసారి ఒక్కో జవాబు వస్తోంది కూడా. 2020లో నగర రవాణా పథకానికి పన్ను పెంచుతామంటే ఆస్టిన్ ఓటర్లు సరేనన్నారు. 2025 నవంబరులో మళ్లీ అడిగితే ఒప్పుకోలేదు.

రెండోది కరెంటు. ఆస్టిన్‌లో కరెంటు సరఫరా నగరపాలక సంస్థ సొంతం. దాని పేరు ఆస్టిన్ ఎనర్జీ, అందులోంచి కొంత సొమ్ము ఏటా నగర బడ్జెట్‌కు చేరుతుంది. 1999లో రాష్ట్రం కరెంటు అమ్మకాన్ని ప్రైవేటు పోటీకి తెరిచినప్పుడు, నగరాల సొంత సంస్థలూ సహకార సంస్థలూ తమంతట తాము కోరితే తప్ప అందులో చేరనక్కర్లేదని చట్టంలో వెసులుబాటు ఉంచారు. ఆ వెసులుబాటు కాపాడుకోవడం ఆస్టిన్‌కు ప్రాణావసరం.

మూడోదాన్ని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఆస్టిన్ 2010లో, డల్లాస్ 2015లో ఒక నిబంధన చేశాయి. కట్టడపు పనివాళ్లకు ప్రతి నాలుగు గంటలకు కనీసం పది నిమిషాలు విశ్రాంతి ఇవ్వాలి. అంతే. నీళ్లు తాగడానికి, నీడన నిలబడడానికి పది నిమిషాలు. టెక్సాస్ వేసవి మన రెంటచింతల వేసవికి చుట్టం. ఎండలో పనంటే ఏమిటో పొలం గట్టున పెరిగినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. మా ఇంట్లో కూలీలు వచ్చినరోజున ముందు కుండ నీళ్లు పొలానికి వెళ్తాయి, తర్వాతే మనుషులు వెళ్తారు. అలాంటి నిబంధనకు 2023లో ముప్పు వచ్చింది. ఆ ఏడాది శాసనసభ చేసిన చట్టం ప్రకారం, కార్మిక విషయాలు, వ్యవసాయం, ఆస్తి, సహజ వనరులు మొదలైన రంగాల్లో రాష్ట్రం చట్టం చేసినచోట, రాష్ట్రం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప, నగరాలు అంతకు మించి నిబంధనలు చేయరాదు. సమర్థించినవాళ్ల వాదన: ఊరికో రూలు ఉంటే వ్యాపారం ఎలా చేసేది, రాష్ట్రమంతటా ఒక్కటే ఉండాలి. ఆ వాదనలో కొంత పస లేకపోలేదు. కానీ రాష్ట్రమంతటికీ కలిపి ఆ పది నిమిషాల హక్కునే ఇచ్చి ఉంటే ఒక్కటే రూలు అయ్యేది కదా! అది మాత్రం చేయలేదు. హూస్టన్ నగరం కోర్టుకెక్కింది, మరికొన్ని నగరాలు తోడు నిలిచాయి. కింది కోర్టు 2023లో నగరాల పక్షాన తీర్పు చెప్పగా, అప్పీలు కోర్టు 2025లో దాన్ని తోసిపుచ్చింది.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. డెంటన్ అనే పట్టణం ప్రజలు 2014లో ఓటు వేసి, తమ ఊళ్లో భూగర్భంలోని రాతిపొరలు పగలగొట్టి గ్యాసు తీయడాన్ని నిషేధించుకున్నారు. 2015లో శాసనసభ ఆ నిషేధానికి ఆధారం లేకుండా చేసింది. ఊబర్ డ్రైవర్ల వేలిముద్రలు తనిఖీ చేయాలన్న ఆస్టిన్ నిబంధనను 2016లో ఓటర్లు నిలబెడితే, 2017లో రాష్ట్రం తన చట్టంతో కొట్టేసింది.

ఇంతవరకు చదివి నగరం పాపం పసిబిడ్డ, శాసనసభ రాక్షసి అనుకుంటే పొరపాటు. నగరం తన చుట్టూ ఉన్న పల్లెల దగ్గరికొచ్చేసరికి తానే పెద్దన్న. టెక్సాస్‌లో పెద్ద నగరాలు హద్దుకు ఆనుకుని ఉన్న భూములను ఆ భూముల్లో ఉండేవారి అంగీకారం లేకుండానే కలిపేసుకునేవి. లక్ష పైబడిన నగరానికి హద్దు వెలుపల ఐదు మైళ్లదాకా కొంత పెత్తనం ఉంటుంది. అక్కడి రైతుకు నగర కౌన్సిలులో ఓటు లేదు, ప్లాటు విడదీయాలంటే మాత్రం నగరం నియమాలు పాటించాలి. ఈ బలవంతపు విలీనానికి 2017లోనూ 2019లోనూ శాసనసభ అడ్డుకట్ట వేసింది. ఆ ఐదు మైళ్ల పెత్తనం నుంచి బయటపడే దారి 2023లో చూపించింది. నగరాల పత్రాల్లో ఇవన్నీ ‘ఎదిరించవలసినవి’. నన్నడిగితే ఇక్కడ మాత్రం పల్లెదే న్యాయం. హైదరాబాదు చుట్టూ 12 మునిసిపాలిటీలనూ 8 గ్రామపంచాయతీలనూ కలిపి 2007లో మహానగరపాలక సంస్థ చేసినప్పుడు, ఆ ఎనిమిది పంచాయతీల గుర్తు ఎంతమందికి మిగిలింది?

అసలు ఈ లాబీయింగే వద్దనేవాళ్లూ ఉన్నారు. పన్ను తగ్గించమని నేను అడుగుతుంటే, నేను కట్టిన పన్నుతోనే మనిషిని పెట్టి దానికి అడ్డం వాదిస్తారా అని వాళ్ల కోపం. 2019లో దీన్ని నిషేధించే బిల్లు సెనేట్‌లో నెగ్గి కింది సభలో ఓడిపోయింది. నగరాల జవాబు సూటిగా ఉంటుంది: చమురు కంపెనీకి, బిల్డరుకు, బీమా సంస్థకు శాసనసభ వాకిట్లో మనిషి ఉండగా, పదిలక్షల జనానికి ఒక మనిషి ఉండకూడదా?

ఇక మన సంగతి. మన రాజ్యాంగంలో స్థానిక పాలన రాష్ట్ర జాబితాలోని అంశం, కాబట్టి మూలం అక్కడిలాగే ఉంది. 1992లో 74వ సవరణ చేసి, 1993 జూన్ 1 నుంచి పట్టణ సంస్థలకు రాజ్యాంగపు గుర్తింపునిచ్చారు. 12వ షెడ్యూలులో 18 అంశాలు పేర్కొన్నారు. చదివితే సంబరంగా ఉంటుంది. కానీ వీటిని శాసనసభ నగరాలకు ‘ఇవ్వవచ్చు’ అన్నారేగాని ‘ఇవ్వాలి’ అనలేదు. ఆ పద్దెనిమిదిలో మంచినీటి సరఫరా ఉంది, హైదరాబాదులో ఆ పని 1989 నుంచి రాష్ట్రం ఏర్పరచిన బోర్డుది. అగ్నిమాపక సేవ ఉంది, ఫైరింజను రాష్ట్ర శాఖది. మునిసిపల్ కమిషనరు రాష్ట్రం పంపే అధికారి. ఇంటిపన్ను లెక్కకట్టే పద్ధతి కూడా రాష్ట్రానిదే. ఆంధ్రప్రదేశ్‌లో అద్దె విలువ మీద వేసే పన్నును ఆస్తి మూలధన విలువ మీదికి మార్చింది 2020లో చేసిన చట్ట సవరణే.

ఐతే మనకొక వాకిలి అమెరికాలో లేనిది ఉంది. శాసనమండలిలో సుమారు మూడోవంతు మందిని ఎన్నుకునేది స్థానిక సంస్థల ప్రతినిధులే. అంటే ఒక కౌన్సిలరు ఓటు నేరుగా చట్టసభకు మనిషిని పంపుతుంది. 1985లో రద్దయిన మన మండలి 2007లో తిరిగొచ్చాక ఈ వాకిలి మళ్లీ తెరుచుకుంది. అటుపైన ఎమ్మెల్యేలు తమ నియోజకవర్గంలోని పట్టణ కౌన్సిలుకు పదవిరీత్యా సభ్యులు. ఒకే మనిషి ఉదయం కౌన్సిలులోనూ మర్నాడు అసెంబ్లీలోనూ కూర్చునే ఏర్పాటు ఇది. లాబీయిస్టుకు ఫీజు ఇవ్వనక్కర్లేదు.

లేనిదల్లా ఆస్టిన్‌వాళ్ల దగ్గరున్న ఆ కాగితం. బడ్జెట్ సమావేశాలు వచ్చేముందు, ఈ ఏడు మా పట్టణం తరఫున సభలో అడగవలసినవి ఇవి, అడ్డుకోవలసినవి ఇవి అని కౌన్సిలు కూర్చుని తీర్మానం చేసి, అచ్చువేసి, గ్రంథాలయంలో ఒక ప్రతి పెట్టడం. దానికి కొత్త చట్టమేదీ అక్కర్లేదు. ఒక సమావేశం, ఒక తీర్మానం, జెరాక్సు ఖర్చు.