న్యూట్‌ని పెంచడమంటే నీళ్లని చూసుకోవడమే

చూడ్డానికి బల్లిలా ఉంటుంది కానీ న్యూట్‌కి చుట్టరికం కప్పతో. ఉభయచరం. పొలుసులుండవు, పల్చటి చర్మం. ఆ చర్మం గుండా కూడా కొంత ఊపిరి పీల్చుకుంటుంది. అంటే నీళ్లలో ఏది కలిస్తే అది దాని ఒంట్లోకి పోతుంది. ఈ ఒక్క ముక్క గుర్తుంటే దాని పెంపకంలో మిగతావన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

పోయిన వేసవిలో ఇంటర్న్‌షిప్‌కని జర్మనీ వెళ్లి మా అన్నయ్య గదిలో రెండు నెలలున్నాను. అన్నయ్య దగ్గర రెండు చైనా ఫైర్‌బెల్లీ న్యూట్‌లున్నాయి. వేలెడంత పొడవు, నల్లటి వీపు, పొట్ట మాత్రం నిప్పు రంగు. కొత్తవాళ్లు ఎక్కువగా ఎంచుకునే రకాల్లో ఇదొకటి. వాటి డ్యూటీ నాకు పడింది.

మొదటి సంగతి: తొట్టి ముందు, ప్రాణి తర్వాత. న్యూట్ వ్యర్థాల వల్ల నీళ్లలో అమ్మోనియా చేరుతుంది. అది విషం. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్‌ చేస్తుంది, అది చాలా నయం. సివిల్ మిత్రులు మురుగునీటి శుద్ధిలో చదివే నైట్రిఫికేషన్ ఇదే. ఈ బ్యాక్టీరియా ఫిల్టర్‌లో స్థిరపడటానికి సుమారు 4 నుంచి 6 వారాలు పడుతుంది. అన్నాళ్లూ న్యూట్ లేకుండానే, కొంచెం అమ్మోనియా వేస్తూ తొట్టిని నడపాలి. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే న్యూట్‌ని తేవాలి. ఆ తర్వాత వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చాలి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే ముందు దాన్ని విరిచే మందు కలపాలి. ఫిల్టర్ స్పాంజిని తొట్టి నీళ్లలోనే పిండాలి, లేకపోతే క్లోరిన్‌కి ఆ బ్యాక్టీరియా చస్తుంది.

రెండోది చల్లదనం. నీళ్లు 16 నుంచి 20 డిగ్రీల మధ్య ఉండాలి. 25 దాటితే తిండి మానేస్తాయి, జబ్బు పడతాయి. "రేయ్, ముందు థర్మామీటర్ చూడు, తర్వాతే తిండి పెట్టు" అని అన్నయ్య ఆఫీసుకి పోతూ రోజూ చెప్పేవాడు. ఎండ ముదిరిన రోజుల్లో నీటి మీదికి చిన్న ఫ్యాన్ పెట్టేవాళ్లం. కుండలో నీళ్లు చల్లబడే సూత్రమే.

మిగతావి సులువు. వారానికి రెండు మూడుసార్లు వానపాము ముక్కలో బ్లడ్‌వార్మ్‌లో చాలు. గాజు గోడలెక్కి పారిపోతాయి కాబట్టి మూత బిగుతుగా ఉండాలి. చేత్తో ఆడించకూడదు. వాటి చర్మంలో పఫర్ చేపలో ఉండే టెట్రోడోటాక్సిన్ ఉంటుంది. తొట్టిలో చెయ్యి పెట్టాక సబ్బుతో కడుక్కోవాల్సిందే.

ఇది చదివి "హాస్టల్లో ఒకటి పెడదాం" అనుకునేవాళ్లకి నా మాట: వద్దు. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో కరెంటు పోయిన ఒక్క మధ్యాహ్నం చాలు, దాని ప్రాణం పోవడానికి. మన దేశపు న్యూట్ డార్జిలింగ్ వైపు కొండల్లో ఉంటుంది. దానికి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, పట్టుకోవడం నేరం. పైగా న్యూట్ పదేళ్లకు పైనే బతుకుతుంది, మన బీటెక్ నాలుగేళ్లే.

అంతగా మనసైతే మన వేడికి తట్టుకునే గప్పీ చేపలతో మొదలుపెట్టండి. ఆ తొట్టికీ లెక్క ఇదే. చేపల్లేని నీళ్లకి ఆరు వారాలు ఓపిగ్గా టెస్టులు చేయగలిగితే, ఆ నీళ్లలో ఒక ప్రాణిని వదలొచ్చు.