పాఠశాలాంత పరీక్షలు - మాతృభాషా వ్యాసరచన

మాధ్యమిక విద్య ముగియు కాలమున విద్యార్థికి జరుపబడు పరీక్ష నేడు పెక్కు దేశములలో ఏదో యొక రూపమున కానవచ్చుచున్నది. దాని పేరు, పద్ధతి, విలువ దేశదేశమునకు మారుచున్నవి. మేమీ వ్యాసమున దానిని గూర్చి రెండు ప్రశ్నలను మాత్రమే విచారింపదలచితిమి. ఈ పరీక్ష పాఠశాలావిద్యకు ముగింపా, లేక విశ్వవిద్యాలయమునకు ప్రవేశమా అనునది మొదటిది. విద్యార్థి తన భాషలో స్వయముగా ఆలోచించి వ్రాయగలడో లేడో ఆ పరీక్ష అడుగుచున్నదా అనునది రెండవది. మొదటి ప్రశ్నకు ఏ సమాధానము వచ్చినను రెండవదానికి 'అడుగుచున్నది' అను సమాధానమే పలు దేశములలో వచ్చుచున్నది. తెలుగునాట మాత్రము పరీక్ష ప్రవేశద్వారముగా మారినకొలది వ్యాసరచన దానినుండి తొలగిపోయినది. ఇది ఎట్లు జరిగెనో తెలుపుట మా ఉద్దేశము.

ముందుగా ఈ పరీక్షల పేర్లను పరిశీలింతము. మన పెద్దలెరిగిన మెట్రిక్యులేషన్ అను మాటకు మూలము లాటిన్ భాషలోని 'మెట్రిక్యులా'. పేర్ల పట్టిక అని దాని యర్థము. విశ్వవిద్యాలయపు పట్టికలో పేరు చేర్చుకొనుటయే మెట్రిక్యులేషన్. కావున అది ప్రవేశమును దెలుపు పేరు. జర్మనీలోని 'ఆబిటూర్' అనునది వెడలిపోవుట అను అర్థము గల లాటిన్ ధాతువునుండి వచ్చినది. అది నిష్క్రమణమును దెలుపు పేరు. ఆస్ట్రియా, పోలండు మున్నగు దేశములలో వాడుకలోనున్న 'మతూరా' అను పేరునకు పరిపక్వత యని భావము. ఫ్రాన్సులోని 'బకలొరెయా' మధ్యయుగపు విశ్వవిద్యాలయములలో తొలి పట్టమునకు గల పేరు. మన 'ఉత్తీర్ణుడు' అను మాట దాటుట యను అర్థము గల 'తౄ' ధాతువునుండి పుట్టినది. ఏటిని దాటినవాడని దాని భావము. దాటి చేరు గట్టు ఏదియో ఆ మాట చెప్పదు. దానిని పరీక్ష నేర్పరచినవారు నిర్ణయింపవలసియున్నది.

ఆబిటూర్ పరీక్షను 1788లో ప్రష్యా ప్రభుత్వము ప్రవేశపెట్టెను. తగిన సిద్ధత లేని యువకులు విశ్వవిద్యాలయములలో చేరుటను అరికట్టుట దాని ఉద్దేశము. అయినను తొలిదినములలో ఆ పరీక్ష తప్పినవారికి గూడ విశ్వవిద్యాలయములలో చేరుటకు దారి యుండెను. 1834 నాటి నిబంధనలతో ఆ దారి మూసికొనిపోయి, ఆబిటూరే ప్రవేశమునకు ఆధారమైనది. పాఠశాలలోని ఉపాధ్యాయులు జరుపు నిష్క్రమణ పరీక్ష ప్రవేశహక్కుగా మారుట ఇచ్చటి విశేషము. నేటికిని జర్మనీలో ఆ పద్ధతి నిలిచియున్నది. పరీక్షను ఆయా రాష్ట్రములు వేర్వేరుగా జరుపుకొనును. మొత్తము 900 పాయింట్లలో 600 చివరి రెండేండ్ల తరగతిపనికిని, 300 తుదిపరీక్షకును చెందును. వైద్యము వంటి శాఖలలో స్థలములు తక్కువగుటచే ఆబిటూర్ శ్రేణి మిక్కిలి ఎక్కువగా నుండవలెను.

భాషావిషయమున ఆబిటూర్ చరిత్ర మనకు ముఖ్యమైనది. చిరకాలము లాటిన్ వ్యాసమే ఆ పరీక్షకు తలమానికముగా నుండెను. 1890 డిసెంబరున బెర్లినులో జరిగిన పాఠశాలా మహాసభలో, జర్మన్ వ్యాసము విద్యకు కేంద్రము కావలెనని చక్రవర్తి రెండవ విల్హెల్మ్ వాదించెను. ఆ మహాసభ తరువాత లాటిన్ వ్యాసము పరీక్షనుండి తొలగింపబడినది. చక్రవర్తి వాదమున జాతీయాభిమానపు పాలు ఎక్కువయే. అయినను మృతభాషలో అలంకారముగా వ్రాయుటకంటె జీవద్భాషలో స్పష్టముగా వ్రాయుటను పరీక్షించుట మేలను తలంపు అప్పటికే యూరపున బలపడియుండెను.

ఫ్రాన్సులోను ఇట్లే జరిగినది. నెపోలియన్ 1808లో నెలకొల్పిన బకలొరెయా పరీక్షలో మరుసటి ఏట ఉత్తీర్ణులైనవారు 31 మంది మాత్రమే. మొదట అది నోటిపరీక్ష. 1830 నుండి వ్రాతపరీక్ష చేరినది. ఆ పరీక్షకు చట్టరీత్యా విశ్వవిద్యాలయపు తొలి పట్టము హోదా కలదు. పరీక్షామండలికి విశ్వవిద్యాలయాచార్యుడు అధ్యక్షత వహించుటయు అందుచేతనే. 1861లో జూలీ విక్తోర్ దోబియే అను ఉపాధ్యాయిని 37 ఏండ్ల వయస్సున ఆ పరీక్షయందు ఉత్తీర్ణురాలై, ఫ్రాన్సున బకలొరెయా పొందిన ప్రథమ మహిళయయ్యెను. బాలికలకును బాలురకును సమానమైన పాఠ్యక్రమము 1924లో గాని ఏర్పడలేదు. లాటిన్ ప్రసంగరచన 1880లో తొలగి, దాని స్థానమున ఫ్రెంచి వ్యాసరచన వచ్చెను. 2021 నుండి మొత్తము మార్కులలో 40 శాతము తరగతిలోని పనికిని, 60 శాతము తుదిపరీక్షలకును ఇచ్చుచున్నారు. ఇన్ని మార్పులు జరిగినను ఫ్రెంచి భాషాపరీక్షయు, నాలుగు గంటలపాటు వ్రాయు తత్త్వశాస్త్ర పరీక్షయు నిలిచియున్నవి. గణితమున నిపుణుడగు విద్యార్థియు ఒక తాత్త్విక ప్రశ్న తీసికొని దానిని తన మాటలలో విచారింపవలసినదే.

ఫిన్లాండు చరిత్ర మన చరిత్రకు మరికొంత దగ్గరగా నున్నది. అచ్చటి పరీక్ష 1852లో హెల్సింకి విశ్వవిద్యాలయపు ప్రవేశపరీక్షగా పుట్టి, క్రమముగా పాఠశాలలకు మారినది. నాడు ఆ దేశమున విద్యాభాష స్వీడిష్. ప్రజలలో అధికసంఖ్యాకుల భాషయగు ఫిన్నిష్‌లో బోధించు తొలి ఉన్నతపాఠశాల 1858లో యువాస్కులా పట్టణమున ఏర్పడినది. నేడు ఆ పరీక్షకు కూర్చుండువారు కనీసము ఐదు విషయములలో పరీక్షలు ఇయ్యవలెను. అందు అందరికిని విధిగా నున్నది మాతృభాషాసాహిత్యముల పరీక్ష యొక్కటియే. తక్కినవి కొన్ని వర్గములనుండి ఎన్నుకొనవచ్చును. ఫిన్నిష్, స్వీడిష్, సామీ భాషలలో దేనినైనను మాతృభాషగా వ్రాయవచ్చును. 2016 నుండి 2019 వరకు క్రమముగా పరీక్షలన్నియు కంప్యూటరుపై వ్రాయునట్లు మార్చిరి. కాగితము పోయినను వ్యాసము పోలేదు.

ఇంగ్లండులో ప్రభుత్వమునకు ముందు విశ్వవిద్యాలయములే పాఠశాలలను పరీక్షింపసాగెను. ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి స్థానికపరీక్షలు 1858లో ప్రారంభమైనవి. 1918లో ఏర్పడిన స్కూల్ సర్టిఫికెట్ పరీక్షలో నిర్ణీతమైన విషయవర్గములన్నిటను నెగ్గినగాని పత్రము లభింపదు. 1951లో దాని స్థానమున వచ్చిన పద్ధతిలో ఏ విషయమునకు ఆ విషయమే లెక్క. నేటి జి.సి.ఎస్.ఇ. పరీక్షలు 1988లో మొదలైనవి. విషయముల ఎంపికలో స్వేచ్ఛ పెరిగినను ఆంగ్లభాషను విడుచుటకు మాత్రము వీలు లేదు. 16 ఏండ్లకు పిదప చదువు కొనసాగించువారు ఆంగ్లమునను గణితమునను 4వ శ్రేణి పొందనిచో వాని అధ్యయనమును కొనసాగింపవలసియున్నది.

అమెరికా సంయుక్తరాష్ట్రములలో దేశమంతటికి ఒక నిష్క్రమణ పరీక్ష లేదు. చదివిన విషయముల గణనను బట్టి పాఠశాలయే పట్టా నిచ్చును. 1926లో ప్రారంభమైన 'శాట్' పరీక్ష కళాశాలా ప్రవేశమునకు ఉపకరించునది. దానిలో 2005లో చేర్చిన వ్యాసము 2016లో ఐచ్ఛికమై, 2021లో దాదాపుగా తొలగిపోయినది. మా వాదమునకు ఇది విరుద్ధమైన ఉదాహరణముగా తోపవచ్చును. కాని పెక్కు కళాశాలలు దరఖాస్తుతోపాటు విద్యార్థి స్వయముగా వ్రాసిన వ్యాసమును కోరుచున్నవి. పరీక్షనుండి తొలగిన రచన ప్రవేశవిధానమునుండి తొలగలేదు.

కేవలము ప్రవేశమునకే ఏర్పడిన పరీక్షకు చైనాలోని 'గావ్‌కావ్' ప్రసిద్ధోదాహరణము. 1952లో నెలకొన్న ఈ పరీక్ష సాంస్కృతిక విప్లవకాలమున 1966లో నిలిచిపోయి, 1977లో పునరుద్ధరింపబడినది. ఆ యేటి చలికాలమున సుమారు 57 లక్షల మంది పరీక్ష వ్రాయగా, ప్రవేశము పొందినవారు సుమారు 2,70,000 మంది. పొలములలోను కర్మాగారములలోను పదియేండ్లు గడపినవారు, అప్పుడే బడి విడిచినవారు ఒకే గదిలో కూర్చుండిరి. 2024లో ఈ పరీక్షకు పేరు నమోదు చేసికొన్నవారు 1 కోటి 34 లక్షల పైబడి యున్నారు. ఇంతటి పోటీలోను చైనీస్ భాషకు గణితముతో సమానముగా 150 మార్కులు కలవు. వానిలో పెద్ద భాగము ఒక వ్యాసమునకు చెందును. ప్రవేశపరీక్షలో వ్యాసరచనకు తావుండదను మాట దీనివలన నిలువకున్నది.

ఇక మన దేశమునకు వత్తము. 1854 నాటి వుడ్ నివేదిక ననుసరించి 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములందు విశ్వవిద్యాలయములు స్థాపింపబడినవి. వాని మెట్రిక్యులేషన్ పరీక్షయే పాఠశాలల గమ్యమయ్యెను. కళాశాలలో చేరనివానికిని, చేరుటకు శక్తి లేనివానికిని అదియే కొలతబద్ద. ఈ లోపమును సవరించుటకై మద్రాసు రాజధానిలో 20వ శతాబ్ది తొలినాళ్లలో సెకండరీ స్కూల్ లీవింగ్ సర్టిఫికెట్ పద్ధతి ఏర్పడినది. ఎస్.ఎస్.ఎల్.సి. యని ప్రసిద్ధమైన ఆ పత్రమున బహిరంగపరీక్షలోని మార్కులే గాక, తరగతిలో పొందిన మార్కులును నమోదగుచుండెను. కళాశాలకు యోగ్యులైన వారిని వేరుగా నిర్ణయించుచుండిరి. నిష్క్రమణమును ప్రవేశమునుండి వేరుచేయుటకు మన ప్రాంతమున జరిగిన తొలి ప్రయత్నమిది.

ఈ పరీక్షలో దేశభాషా వ్యాసరచనకు చోటు లభించుటతోడనే, ఆ వ్యాసము ఏ తెలుగున వ్రాయవలెనను ప్రశ్న లేచెను. గ్రాంథికమున గాని వ్యావహారికమున గాని వ్రాయవచ్చునని 1912-13 ప్రాంతమున స్కూల్ ఫైనల్ బోర్డు కార్యదర్శి అనుమతించెను. దీని వెనుక గిడుగు రామమూర్తి పంతులుగారి కృషి కలదు. 1911లో నెలకొన్న ఆంధ్రసాహిత్య పరిషత్తు, దాని సారథియగు జయంతి రామయ్య పంతులుగారు ఈ అనుమతిని తీవ్రముగా నెదిరించిరి. వివాదము విశ్వవిద్యాలయమునకు ప్రాకినది. గురజాడ అప్పారావుగారు 1914లో సమర్పించిన అసమ్మతిపత్రము ఆ సందర్భమున పుట్టినదే. పిమ్మట అనుమతి ఉపసంహరింపబడినది. ఆధునిక తెలుగు భాషాచరిత్రలోని మహావివాదము ఒక పరీక్షాపత్రమును గూర్చి చెలరేగెనను సంగతి గమనింపదగినది. ఉభయపక్షముల వారును ఒక విషయమున ఏకీభవించియుండిరి. పరీక్షలో ఏ భాషను వ్రాయనిత్తురో ఆ భాషయే బడిలో నిలుచునని వారెల్లరును ఎరుగుదురు.

హైదరాబాదు సంస్థానమున ఈ సత్యము వేరొక రీతిని గోచరించెను. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఒక దేశభాషను ఉన్నతవిద్యకు మాధ్యమము చేసి గొప్ప సాహసము చూపినది. అయితే ఆ భాష ఉర్దూ. తెలంగాణమున తెలుగు మాటలాడు బాలుడు ఆ ద్వారము దాటవలెనన్న ఉర్దూలోనే వ్రాయవలసియుండెను. ద్వారమున ఏ భాష వినబడునో దానికొరకే తల్లిదండ్రులు పిల్లలను సిద్ధముచేయుదురు. ఇందు వారి తప్పు లేదు.

స్వాతంత్ర్యానంతరము 1964-66 నాటి కొఠారీ సంఘపు సూచనల ననుసరించి పది తరగతుల పిదప రెండేండ్ల చదువను క్రమము దేశమున వ్యాపించినది. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్మీడియేట్ విద్యామండలి 1971లో ఏర్పడినది. 2014లో రాష్ట్రము విడిపోయిన పిదప రెండు రాష్ట్రములలోను వేర్వేరు మండలులు పరీక్షలు జరుపుచున్నవి. పేరునకు ఇవి నిష్క్రమణ పరీక్షలు. కాని ఇంజనీరింగు, వైద్యవిద్యలను కోరు విద్యార్థికి అసలు ద్వారము వేరుగా జరుగు ప్రవేశపరీక్షలే. జాతీయస్థాయి ప్రవేశపరీక్షల ప్రశ్నపత్రములు నేడు తెలుగునను లభించుచున్నవి. ఇది సంతోషింపదగిన విషయమే. అయితే విద్యార్థి అందు సమాధానమును గుర్తించును, లేదా ఒక సంఖ్యను నింపును. తెలుగున గాని, మరి యే భాషలో గాని, ఒక్క వాక్యమైనను వ్రాయవలసిన పనిలేదు. ఇంటర్మీడియేట్‌లో ద్వితీయభాషగా తెలుగును విడిచి, మార్కులు సులువుగా వచ్చునను తలంపున సంస్కృతమును గైకొనువారు పెక్కుమంది. సంస్కృతముపై ప్రీతి దీనికి కారణమైనచో మేము ఆనందింతుము. కాని కారణము లెక్క మాత్రమే.

వ్యాసములను దిద్దుటలో పరీక్షకుల అభిరుచిభేదమువలన అన్యాయము జరుగునని కొందరు ఆక్షేపింతురు. ఆక్షేపణ విలువగలదే. ఒకే వ్యాసమును ఇద్దరు వేరువేరుగా దిద్దుట, భేదము మిక్కుటమైనచో మూడవవానికి పంపుట మున్నగు ఉపాయములు దానికి కలవు. కోటి మందికి పైగా వ్రాయు వ్యాసములను చైనా దిద్దించుచుండగా, మన సంఖ్యలు అసాధ్యములు కావు. తెలుగు మాతృభాష కానివారి మాటయేమని మరికొందరు అడుగుదురు. ఫిన్లాండులో సామీ భాషకు గల తావు దానికి మార్గము చూపుచున్నది. ఉర్దూ, తమిళము, కన్నడము, ఒరియా మాటలాడు బాలురు తమతమ భాషలలోనే వ్రాయుదురు గాక.

మా అభిప్రాయమున చేయదగిన పని చిన్నది. ఇంటర్మీడియేట్ తుదిపరీక్షలో మాతృభాషా వ్యాసపత్రమొకటి అందరికిని విధిగా నుండవలెను. దాని మార్కులకు కళాశాలా ప్రవేశమున కొంత విలువ ఈయవలెను. విషయము కంఠస్థము చేసిన పాఠమునుండి గాక, విద్యార్థి ఆలోచింపదగిన దైనందిన సమస్యనుండి తీసికొనవలెను. 1912లో మన పెద్దలు వ్యాసము ఏ తెలుగున నుండవలెనని పోరాడిరి. ఆ వివాదము చాలవరకు ముగిసినది. నేడు వ్యాసమే యుండవలెనా యను ప్రశ్న మన యెదుట నున్నది. దానిని విద్యామండలుల దృష్టికి తెచ్చుట తెలుగు శాఖలన్నిటికిని కర్తవ్యమని మేము భావించుచున్నాము.