ముక్కులో పెరిగే కండ అంతా ఒకటి కాదు

రోజుకు అయిదుసార్లు వుజూ చేసే మనకు ముక్కులో ఒక పక్క నీరు ఎక్కడం లేదని, చీదితే నెత్తుటి చార కనిపిస్తున్నదని తెలిసేది తరచు ఆ సమయంలోనే. అయినా చాలా ఇళ్లలో దానిని సైనస్ అనో ఎలర్జీ అనో తేల్చేసి, చుక్కల మందుతో ఏళ్లు గడిపేస్తారు.

ఇలా ఏమార్చే వ్యాధుల్లో రైనోస్పోరిడియోసిస్ ఒకటి. దక్షిణ భారతంలోను, శ్రీలంకలోను ఇది ఎక్కువ. దీనికి కారణమైన రైనోస్పోరిడియం సీబెరిని 1900లో అర్జెంటీనాలో గిల్లెర్మో సీబెర్ వర్ణించారు. చిరకాలం దీనిని శిలీంధ్రమనే భావించారు. 1990ల చివర జరిగిన జన్యు పరిశోధనలు ఇది చేపలకు సోకే పరాన్నజీవుల కోవకు చెందినదని తేల్చాయి. నిలవ నీటిలో ఉండి, ముక్కు లోపలి పొర గీరుకుపోయిన చోట ప్రవేశిస్తుందని వైద్యుల అభిప్రాయం. చెరువుల్లో, కుంటల్లో మునిగి స్నానం చేసేవారిలోను, నదుల్లో ఇసుక తీసేవారిలోను ఇది కనిపించడానికి కారణం అదే.

మామూలు పాలిప్ నునుపుగా, పాలిపోయి ఉంటుంది. సాధారణంగా రెండు పక్కలా వస్తుంది, రక్తం కారదు. ఇది ఎక్కువగా ఒక పక్కనే, ఎర్రగా, తాకితే నెత్తురు చిమ్మేలా పెరుగుతుంది. పైన తెల్లని చుక్కలుండి స్ట్రాబెర్రీని తలపిస్తుంది. ఆ చుక్కలే పరాన్నజీవి బీజాలు నిండిన సంచులు. చూపుతో అనుమానించవచ్చు గాని, నిర్ధారించవలసింది సూక్ష్మదర్శినియే. మామూలు రక్తపరీక్షలో ఇది బయటపడదు. తీసిన కండను పరీక్షకు పంపడానికి ఖర్చని వెనుకాడేవారున్నారు. పొదుపు చేయవలసిన చోటు ఇది కాదని మా అభిప్రాయం. పాలిప్‌కు వాడే స్ప్రేతో ఇది తగ్గదు. మొదలంటా కోసి, ఆ చోటును కాల్చాలి. లేకుంటే మళ్లీ పెరుగుతుంది. కొందరు వైద్యులు తరువాత డాప్సోన్ మాత్రలు కూడా ఇస్తారు.

ఇది ఒకరినుండి ఒకరికి అంటుకునే జబ్బు కాదు. రోగికి కంచం వేరు చేయనక్కరలేదు, నమాజు వరుసలో ఎడం పాటించనక్కరలేదు, పెళ్లి సంబంధం దగ్గర దాచవలసిన పనీ లేదు. ఉపవాసం లేనప్పుడు ముక్కులోకి నీరు బాగా ఎక్కించమని దైవప్రవక్త (స) బోధించారు. భయపడి ఆ సున్నత్‌ను విడవనవసరం లేదు. కుళాయి నీరు దొరికే చోట పశువులు దిగే కుంటకు వెళ్లకుంటే చాలు.

డాక్టరు అడగకపోయినా, ఏ పక్క మూసుకుంటున్నదో, రక్తం ఎన్నాళ్లుగా వస్తున్నదో, ఏ చెరువులో ఈదేవారో చెప్పండి. లోగడ ఆపరేషన్ అయి ఉంటే నాటి కండ పరీక్ష రిపోర్టును వెంట తీసుకువెళ్లండి.