గోడ మీది పెద్ద దోమ

2018లో ఒక వార్త ప్రపంచమంతా తిరిగింది. చైనాలో అన్నిటికంటే పెద్ద దోమ దొరికిందట. అంతకు ముందు ఏడాది సిచువాన్‌లోని చింగ్‌చెంగ్ కొండ మీద పట్టిన ఆ పురుగు రెక్కలు చాపితే ఈ కొస నుంచి ఆ కొసకు 11.15 సెంటీమీటర్లు. కొలత నిజమే, దోమ అన్న మాటే తప్పు. అది హోలోరూసియా మికాడో అనే క్రేన్ ఫ్లై. దోమకు దూరపు చుట్టం, అంతే. కుట్టదు, రక్తం తాగదు.

వానాకాలంలో మన స్నానాల గది గోడ మీద కూడా ఇలాంటివి వాలుతుంటాయి. "అమ్మో, ఎంత దోమో!" అంటాం, చేతికి బ్యాట్ వస్తుంది. కానీ ఇంట్లో మనల్ని కుట్టే దోమ ఒళ్లు 3 నుంచి 6 మిల్లీమీటర్లు, మహా అయితే బియ్యపు గింజంత. డెంగీ తెచ్చేదీ అంతే. కాళ్లతో కలిపి అరచేతి మేర పరుచుకున్నది కనబడితే ఆ సైజే అది దోమ కాదనడానికి మొదటి సాక్ష్యం.

మొన్న ఒకదాన్ని గాజు గ్లాసు కింద మూసి, టార్చి వేసి చూశాను. దోమకుండే సూది లాంటి తొండం లేదు. వీపు మీద V ఆకారంలో సన్నని గాడి ఉంది. రెక్కల వెనక అటూ ఇటూ గుండుసూదుల్లాంటి 2 చిన్న పుల్లలు. ఎగిరేటప్పుడు తూలిపోకుండా చూసేవి అవే. దోమకూ ఉంటాయి గానీ కంటికి ఇంత స్పష్టంగా ఆనవు. గ్లాసు ఎత్తేసరికి అది ఎగిరిపోయింది, ఒక కాలు మాత్రం కాగితం మీద మిగిలింది. బల్లి తోక వదిలేసినట్టు ఇది కాలు వదిలేస్తుంది. 6కు 4 కాళ్లతో గోడ మీద కనబడేవి అలా బతికి బయటపడినవే.

నిజంగా పెద్ద దోమ కూడా ఒకటుంది, టాక్సోరింకైటిస్. అదీ రక్తం తాగదు. పైగా దాని లార్వాలు నీళ్లలో మిగతా దోమల లార్వాలను తింటాయి. దాన్ని చంపితే నష్టం మనకే.

క్రేన్ ఫ్లైలలో ఇప్పటికి 15,000కు పైగా జాతులకు పేర్లున్నాయి. వాటిలో 11,000కు పైగా వర్ణించింది ఒక్క మనిషే, అమెరికాకు చెందిన చార్లెస్ అలెగ్జాండర్ (1889–1981). 70 ఏళ్ల పనికి పంచి చూస్తే వారానికి 3 కొత్త జాతులు! ఒక జీవితాన్ని ఇంతగా ఈ పురుగులకు ఇచ్చిన మనిషిని తలచుకుంటే చెయ్యెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

పెద్దయ్యాక వీటి ఆయువు చాలావాటికి 10, 15 రోజులే. తిండి కూడా అంతంతమాత్రం. అసలు తిండంతా లార్వాగా ఉన్నప్పుడే, ఎక్కువగా తడి మట్టిలో, కుళ్లిన ఆకుల్లో. కొన్ని జాతుల లార్వాలు గడ్డి వేళ్లు కొరుకుతాయి. 1935లో లండన్ లార్డ్స్ మైదానాన్ని ఇవే పాడుచేశాయి. గడ్డి పోయి బోడైన పిచ్ మీద దక్షిణాఫ్రికా లెగ్ స్పిన్నర్ బలాస్కస్ 9 వికెట్లు తీశాడు. ఇంగ్లండ్ గడ్డ మీద ఆ జట్టు గెలిచిన మొదటి టెస్టు అదే.

మీ గోడ మీద వాలినదాన్ని గ్లాసు కింద మూసి, కింద ఒక అట్ట జొనిపి, పెరట్లో వదిలేయండి. బ్యాట్ మాత్రం కూలర్ చుట్టూ తిరిగే ఆ బియ్యపు గింజ సైజు వాటికి ఉంచండి.