రివాల్వర్ గురి: స్థిర సైటా, సర్దుబాటు సైటా?

రివాల్వర్‌తో గురి చూడటానికి రెండే భాగాలు కావాలి. గొట్టం కొసన నిలబడి ఉండే పలచని బిళ్ల ఫోర్‌సైట్. కంటికి దగ్గరగా, ఫ్రేము వెనక భాగంలో ఉండే గాడి బ్యాక్‌సైట్. బిళ్ల గాడికి సరిగ్గా మధ్యలో కనబడాలి, రెండింటి పై అంచులూ ఒకే మట్టంలో ఉండాలి. స్థిర సైట్ల రివాల్వర్‌లో ఫ్రేము పైపట్టీలోనే గాడి కోసి ఉంటుంది కాబట్టి దాన్ని జరపడం కుదరదు. సర్దుబాటు సైట్లలో బ్యాక్‌సైట్ విడిగా చేసి బిగించిన చిన్న ఉక్కు భాగం. ఒక స్క్రూ తిప్పితే అది పైకీ కిందికీ, మరో స్క్రూ తిప్పితే కుడికీ ఎడమకీ జరుగుతుంది.

అమెరికాలో ఒంటిమీద పెట్టుకు తిరిగే రివాల్వర్లలో ఈ రెండు రకాలూ దశాబ్దాలుగా పక్కపక్కనే సాగుతున్నాయి. స్మిత్ అండ్ వెసన్ కంపెనీ 1899లో తెచ్చిన .38 మిలిటరీ అండ్ పోలీస్ రివాల్వర్ తర్వాతి కాలంలో మోడల్ 10గా పేరుపొందింది. దానికి స్థిర సైట్లు. 1950లో వచ్చిన ఐదు గుళ్ల చీఫ్స్ స్పెషల్‌కూ అవే. అదే కంపెనీ 1955లో తెచ్చిన కంబాట్ మాగ్నమ్‌కు మాత్రం సర్దుబాటు సైట్లు పెట్టింది. ఈ తేడాకు కారణం తెలియాలంటే గుండు గొట్టంలో ఉండగా ఏం జరుగుతుందో చూడాలి.

మందు అంటుకుని గుండు కదిలిన క్షణంలోనే రివాల్వర్ వెనక్కి తన్నడం మొదలవుతుంది. గొట్టం చేతి పట్టుకన్నా ఎత్తులో ఉంటుంది కనుక ఆ తన్నుకు మూతి పైకి లేస్తుంది. గుండు బయటపడటానికి పట్టేది సుమారు ఒక మిల్లీసెకను మాత్రమే. ఆ కాస్త వ్యవధిలోనూ మూతి కొంత లేస్తుంది. దీన్ని లెక్కలోకి తీసుకునే ఫోర్‌సైట్‌ను బ్యాక్‌సైట్ కన్నా ఎత్తుగా చేస్తారు. గురి కుదిరినప్పుడు గొట్టం నిజానికి లక్ష్యానికి కాస్త దిగువకు చూస్తూ ఉంటుంది. తన్ను ఆ తేడాను పూడుస్తుంది.

గుండు మారితే ఈ లెక్క మారిపోతుంది. .38 స్పెషల్ తూటాలో సంప్రదాయంగా వాడే గుండు 158 గ్రెయిన్లు, అంటే 10.2 గ్రాములు. నాలుగంగుళాల గొట్టం నుంచి అది సెకనుకు సుమారు 230 మీటర్ల వేగంతో వెలువడుతుంది. 110 గ్రెయిన్ల గుండు 7.1 గ్రాములే. ఎక్కువ పీడనంతో పనిచేసే ప్లస్ పి తూటాలో దాని వేగం సుమారు 300 మీటర్లకు చేరుతుంది. తేలిక గుండు త్వరగా బయటపడుతుంది, అప్పటికి మూతి అంతగా లేవదు, కాబట్టి అది కిందికి తగులుతుంది. బరువు గుండు ఆలస్యంగా వెలువడి పైకి తగులుతుంది. దగ్గరి దూరాల్లో భూమ్యాకర్షణ ప్రభావం స్వల్పం: 230 మీటర్ల వేగంతో వెళ్లే గుండు 7 మీటర్లు దాటేలోపు అర సెంటీమీటరు కూడా కిందికి దిగదు.

సైట్‌లో చిన్న తేడా లక్ష్యం దగ్గర ఎంత అవుతుందో తెలుసుకోవడం తేలికే. లక్ష్యం ఉన్న దూరాన్ని రెండు సైట్ల మధ్య దూరంతో భాగిస్తే, తేడా ఎన్ని రెట్లు పెరుగుతుందో తెలుస్తుంది. సైట్ల మధ్య 15 సెంటీమీటర్లు ఉన్న రివాల్వర్‌తో 15 మీటర్ల దూరంలో కాలిస్తే ఆ పెరుగుదల 100 రెట్లు. అంటే సైట్ ఎత్తులో ఒక మిల్లీమీటరు తేడా లక్ష్యం మీద 10 సెంటీమీటర్లవుతుంది. సైట్ల మధ్య 10 సెంటీమీటర్లే ఉన్న పొట్టి రివాల్వర్‌లో, 7 మీటర్ల దగ్గర, అదే మిల్లీమీటరు 7 సెంటీమీటర్ల తేడా తెస్తుంది.

స్థిర సైట్ల ఎత్తును కంపెనీ ఏదో ఒక బరువు గుండును దృష్టిలో పెట్టుకుని నిర్ణయిస్తుంది. .38 స్పెషల్‌లో అది సాధారణంగా 158 గ్రెయిన్లది. ఆ గుండే వాడేవారికి సర్దుబాటుతో పనిలేదు. వేరే గుండు వాడితే కిందికో పైకో తగలవచ్చు. కిందికి తగులుతుంటే ఫోర్‌సైట్‌ను ఆకురాయితో కాస్త అరగదీస్తే సరిపోతుంది. పైన చెప్పిన 15 సెంటీమీటర్ల రివాల్వర్ 15 మీటర్ల దగ్గర 5 సెంటీమీటర్లు కిందికి కొడుతుంటే అరగదీయాల్సింది అర మిల్లీమీటరే. పైకి తగులుతుంటే మాత్రం ఈ ఉపాయం పనిచేయదు. అరిగిన లోహం తిరిగి రాదు. పక్కలకు వచ్చే లోపం ఇంకా చిక్కు. ఫ్రేములోకి మరతో బిగించిన గొట్టం ఉండాల్సినదానికన్నా వెంట్రుకవాసి ఎక్కువ తిరిగినా ఫోర్‌సైట్ ఒక పక్కకు ఒరుగుతుంది, గుండు దానికి ఎదురు పక్కకు పోతుంది. గొట్టాన్ని తిప్పి సరిచేయడం నిపుణుడైన తుపాకీ మెకానిక్ చేయాల్సిన పని.

ఇన్ని పరిమితులున్నా స్థిర సైట్లు నిలిచి ఉండటానికి కారణం వాటి మొండితనం. ఫ్రేములో కోసిన గాడి వదులవదు, వంగదు, కిందపడ్డా జరగదు. చొక్కా కింద నుంచి తీసేటప్పుడు గుడ్డకు తగులుకునే అంచూ ఉండదు. సర్దుబాటు బ్యాక్‌సైట్‌కు పదునైన మూలలుంటాయి, సన్నని స్క్రూలుంటాయి. గట్టి దెబ్బ తగిలితే అది వంగవచ్చు, వరసగా కాలుస్తుంటే అదురుకు స్క్రూ వదులు కావచ్చు. కంటికి కనబడటంలో మాత్రం సర్దుబాటు సైట్‌దే పైచేయి. దాని చదరపు గాడి నల్లగా, స్పష్టంగా ఉంటుంది. పాత స్థిర సైట్ల సన్నని గాడి మసక వెలుతురులో ఫ్రేములో కలిసిపోతుంది.

పోలీసు శాఖల ఎంపికల్లోనూ ఈ తర్కమే కనిపిస్తుంది. కంబాట్ మాగ్నమ్ తయారీకి ప్రేరణ అమెరికా సరిహద్దు గస్తీ దళానికి చెందిన బిల్ జోర్డాన్. ఈ రివాల్వర్ .357 మాగ్నమ్ తూటానూ, అంతకన్నా నెమ్మదైన .38 స్పెషల్‌నూ కాల్చగలదు. రెంటికీ తగిలే చోటు ఒకటి కాదు కనుక సర్దుబాటుకు ఇక్కడ విలువ ఉంది. 1980లలో ఎఫ్‌బీఐ ఏజెంట్లకు ఇచ్చిన మూడంగుళాల మోడల్ 13 కూడా .357 మాగ్నమే, కానీ దానికి స్థిర సైట్లు. శాఖ ఇచ్చిన తూటానే వాడుతూ, కోటు కింద దాచి తిరిగేవారికి జరిపే సైట్ కన్నా చెక్కుచెదరని సైట్ మేలు.

ఈ రెండింటికీ నడుమ మరో దారి ఉంది. 2009లో వచ్చిన రూగర్ ఎల్‌సీఆర్‌లో బ్యాక్‌సైట్ స్థిరం, ఫోర్‌సైట్ మాత్రం పిన్నుతో బిగించినది. పిన్ను తీసి వేరే ఎత్తుదో, రంగుదో పెట్టుకోవచ్చు.

కాబట్టి ఎంపికలో మొదట తేల్చుకోవాల్సింది తూటా సంగతి. ఒకే రకం తూటాతో, ఏడెనిమిది మీటర్ల లోపు అవసరానికి, బట్టల కింద పెట్టుకునే పొట్టి రివాల్వర్‌కు స్థిర సైట్లు చాలు. బరువైన ట్రిగ్గర్ నొక్కేటప్పుడు చేయి అదిరే తేడాయే అక్కడ సైట్ తేడాను మించిపోతుంది. పలు రకాల తూటాలు కాల్చేవారికి, 25 మీటర్ల దూరంలో పోటీ కాల్పులకూ అదే రివాల్వర్ వాడేవారికి సర్దుబాటు సైట్లు తగినవి.

ఏది ఎంచుకున్నా రేంజ్‌లో పరీక్ష తప్పదు. చేతులకు ఆధారం పెట్టుకుని ఐదు గుళ్లు కాల్చి, ఏ ఒక్క రంధ్రాన్నో కాక ఐదింటి గుంపు నడిమధ్యను లెక్కలోకి తీసుకోవాలి. స్థిర సైట్లయితే, ఆ గుంపును గురికి తెచ్చే తూటా దొరికేదాకా రకాలు మార్చి చూడాలి. సర్దుబాటు సైట్లయితే, గుండు ఎటు జరగాలో బ్యాక్‌సైట్‌ను అటే జరపాలి. గురి కుదిరాక స్క్రూ తల మీదుగా పక్క లోహం దాకా రంగుతో సన్నని గీత గీస్తే, స్క్రూ ఎప్పుడు తిరిగినా గీత తెగి వెంటనే తెలిసిపోతుంది.