అడ్డపొగ – అంగిటి కాన్సరు

శ్రీకాకుళము, విశాఖపట్నము ప్రాంతములలోని తీరగ్రామములందు ఒక విచిత్రమైన అలవాటు కలదు. చుట్టను ముట్టించి, నిప్పున్న కొసను నోటిలోపల ఉంచుకొని పొగ త్రాగుదురు. దీనినే ‘అడ్డపొగ’ అందురు. ఈ అలవాటు పురుషులలో కంటె స్త్రీలలో ఎక్కువ.

నోటి కాన్సరులలో గట్టి అంగిటికి వచ్చునది సాధారణముగా అరుదు. కాని ఈ ప్రాంతమున అది హెచ్చుగా కనిపించినది. డి. జి. రెడ్డి, వి. కె. రావు అను వైద్య పరిశోధకులు 1957లో ప్రచురించిన వ్యాసములో దీనిని అడ్డపొగతో ముడిపెట్టిరి. నిప్పు తగులు చోటనే రాచపుండు పుట్టుచున్నది. ఇది ఎట్లు జరుగును?

మన శరీరము కణముల సముదాయము. పాతవి నశించుచుండగా కొత్తవి విభజనచే పుట్టుచుండును. ప్రతి కణములోను ఈ పనిని నడుపు జన్యువులు కలవు. కొన్ని కణమును విభజనకు పురికొల్పును. కొన్ని ఎద్దుకు ముకుతాడు వలె నిలిపి ఉంచును. మరికొన్ని చెడిన జన్యువులను బాగుచేయును. బాగుపడని కణము తనంత తానే నశించును.

పొగాకు పొగలోని బెంజోపైరీన్ వంటి పదార్థములు జన్యువులకు అంటుకొని వానిని చెడగొట్టును. నిప్పు సెగకు అంగిటి పొర మాటిమాటికి కాలును. ఆ గాయము మానుటకు కణములు తరచుగా విభజన చెందవలసి వచ్చును. విభజన పెరిగినకొలది పొరపాట్లును పెరుగును. అయితే ఒక్క పొరపాటుతో కాన్సరు రాదు. ఒకే కణవంశములో పొరపాటుపై పొరపాటు చేరి, ముకుతాళ్ళు ఒక్కొక్కటే తెగవలెను. అందుకు సాధారణముగా ఏండ్లు పట్టును. చివరకు అదుపు తప్పిన కణములు లోపలి పొరలను చీల్చుకొనిపోయి, మెడలోని గ్రంథులకు ప్రాకును.

అడ్డపొగ త్రాగువారిలో ఈ మెట్లు కొన్ని కంటికే కనిపించును. మొదట అంగిలి తెల్లబారి దళసరియగును. దానిపై ఎర్రని చుక్కలు తేలును. తరువాత కొందరిలో ఎర్రని మచ్చలు, పుండ్లు ఏర్పడును. మచ్చలన్నియు కాన్సరులు కావు. ఏది అగునో చూపుతో తేలదు. చిన్నముక్క తీసి సూక్ష్మదర్శినితో పరీక్షింపవలెను.

తొలిదశలో నొప్పి ఉండకపోవచ్చును. కనుకనే పలువురు ఉపేక్షింతురు. మొదటి మెట్టుకును చివరి మెట్టుకును నడుమనున్న ఆ కాలమే రోగికి రక్ష. అప్పుడు చుట్ట మానినచో చాలమందిలో మచ్చలు తగ్గును. కాన్సరు భయమును తగ్గును.

అడ్డపొగ ఎరుగని ఊళ్ళవారు తమకీ భయము లేదనుకొనరాదు. సంగారెడ్డి జిల్లాలోని నారాయణఖేడులో ఒకరు బుగ్గన జర్దా ఉంచుకొన్నను, బీడీ కాల్చినను, కణము చెడు మార్గ మించుమించుగా ఇదియే. చోటు మాత్రము మారును: అచట అంగిలి, ఇచట బుగ్గ, నాలుక, గొంతు, ఊపిరితిత్తులు. మూడు వారములకును మానని నోటి పుండును వైద్యునికి చూపవలెను. హైదరాబాదులోని మెహదీ నవాజ్ జంగ్ ఆసుపత్రి ఈ వ్యాధికై ప్రత్యేకింపబడిన ప్రభుత్వ వైద్యశాల. నొప్పి పుట్టువరకు ఆగుట, చివరి ముకుతాడు తెగువరకు ఆగుటయే.