పత్తి గదిలో రైల్వే స్టేషన్: ఏడడుగుల చెక్క మీద మోడల్ రైల్ లేఅవుట్ ఇలా కట్టా

ముందే చెప్పేస్తున్నా, ఇది ఫోన్ రివ్యూ కాదు. కానీ ఇందులో ఆర్డుయినో ఉంది, వైఫై ఉంది, ఫోన్‌తో నడిచే రైలింజిన్ ఉంది. కాబట్టి మీకు నచ్చుతుందనే అనుకుంటున్నా.

మాది గంగారం, మహబూబాబాద్ జిల్లాలో ఏజెన్సీ మండలం. అడవి ఉంది, వాగులున్నాయి, రైలు పట్టాలు మాత్రం లేవు. రైలు చూడాలంటే మానుకోట దాకా పోవాల్సిందే. చిన్నప్పుడు బాపు అటు ఏ పని మీద బయల్దేరినా వెంటపడేవాణ్ణి, స్టేషన్ కోసమే. పెద్దయ్యాక హాంబర్గ్‌లోని మినియాటుర్ వుండర్‌లాండ్ వీడియోలు చూడటం మొదలైంది. 2001లో తెరిచిన ఆ మోడల్ రైల్వే ప్రపంచం చూస్తే ఎవరికైనా చేతులు దురద పెడతాయి. నాకూ పెట్టాయి.

అక్కడే తప్పు చేశా. ముందు రైలు కొన్నా, ఆ తర్వాత ప్లాన్ గురించి ఆలోచించా.

ఒక మిడ్ రేంజ్ ఫోన్‌కి అయ్యేంత డబ్బు పెట్టి హెచ్ఓ స్కేల్ ఇంజిన్, నాలుగు పొడవాటి పెట్టెలు, ఒక రౌండు పట్టాలు తెప్పించా. ఎనిమిది బై నాలుగు ప్లైవుడ్ షీట్ మొత్తం గదిలో పరిచి గుండ్రంగా పట్టాలు బిగించా. మొదటి రోజే మూడు సమస్యలు. పెట్టెలు మలుపులో బయటికి తోసుకొచ్చి పడిపోతున్నాయి. షీట్‌కి ఒక పక్క గోడ ఉండటంతో అవతలి మూలలో పడిన పెట్టె చేతికందడం లేదు. మూడోది అన్నిటికన్నా పెద్దది. ఆ గది పత్తిది. ఏరిన పత్తి ఇంటికి రాగానే అవ్వ ఒకటే మాట అంది: "ఇది తీస్తవా, నన్ను తియ్యమంటవా?" షీట్ నిలబెట్టి గోడకి ఆనించా. రాత్రి అది జారి పడింది. రెండు పాయింట్లు విరిగాయి, ఒక పెట్టె బోగీ ఊడింది. బాపు ఏమీ అనలేదు. అంటేనే బాగుండేది.

ముందు లెక్క, తర్వాత కొనుడు

ఆ సీజనంతా ఏమీ కొనకుండా లెక్కలు చూశా. హెచ్ఓ అంటే అసలు రైలులో 87వ వంతు. ఎల్‌హెచ్‌బి పెట్టె పొడవు సుమారు 24 మీటర్లు, అంటే మోడల్‌లో 27.5 సెంటీమీటర్లు. మోడలర్లు వాడే ఒక బండ గుర్తు ఉంది: మలుపు వ్యాసార్థం అతి పొడవైన పెట్టెకి కనీసం మూడింతలు ఉంటే బండి నమ్మకంగా నడుస్తుంది. మూడింతలంటే 82 సెంటీమీటర్లు, పూర్తిగా తిరిగి రావాలంటే 165 సెంటీమీటర్ల వెడల్పు కావాలి. నా షీట్ వెడల్పు 122. నేను వేసినవి 18 అంగుళాల వ్యాసార్థం మలుపులు, అంటే 46 సెంటీమీటర్లు. మూడింతలు కాదు కదా, రెండింతలు కూడా లేవు. పెట్టెలు పడిపోక ఏం చేస్తాయి! ఈ లెక్కకి కాలిక్యులేటర్‌లో నిమిషం పడుతుంది. నేను దానికి ఓ ఫోన్ ఖరీదు కట్టా.

ఎన్ స్కేల్ అయితే 160వ వంతు. అదే పెట్టె 15 సెంటీమీటర్లకి వస్తుంది, 45 సెంటీమీటర్ల మలుపు చాలు, నాలుగడుగుల షీట్‌లో హాయిగా తిరుగుతుంది. మీరు కొత్తగా మొదలుపెడుతూ, రైలు గుండ్రంగా తిరగాలనుకుంటే ఎన్ తీసుకోండి. నా దగ్గర అప్పటికే హెచ్ఓ ఇంజిన్ ఉంది కాబట్టి ఆ దారి మూసుకుపోయింది.

ఇంకో చిన్న సంగతి. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు. హెచ్ఓ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లే, ఎందుకంటే అది 1435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజ్‌కి కొలిచింది. మన లెక్కకి 19 దాటాలి. అంటే ఇండియన్ ఇంజిన్ హెచ్ఓ పట్టా మీద కాళ్లు దగ్గర పెట్టుకుని నిలబడ్డట్టే. దీని మీద గొడవపడే వాళ్లున్నారు. రెండడుగుల దూరం నుంచి నాకైతే తేడా తెలియలేదు.

గుండ్రంగా తిరగడం మానేస్తే

రైలు గుండ్రంగా ఎందుకు తిరగాలి? మా జిల్లాలోని డోర్నకల్ జంక్షన్‌నే తీసుకోండి. నిజాం రైల్వే 1886లో వరంగల్ దాకా, 1889లో బెజవాడ దాకా వచ్చింది. మధ్యలో 1888లో డోర్నకల్ నుంచి సింగరేణి గనుల వైపు ఒక కొమ్మ వేశారు, బొగ్గు కోసం. ఖాళీ వ్యాగన్లు పోవడం, నిండినవి రావడం. ఆ కొమ్మకి పనే అది. నేను కూడా పని చేసే రైలే కడదామనుకున్నా.

దానికి సరిపోయే ప్లాన్ ఒకటి ముందే ఉంది. ఇంగ్లండ్‌కి చెందిన అలన్ రైట్ రూపొందించిన ఇంగిల్‌నూక్ సైడింగ్స్. మూడు సైడింగులు, రెండే పాయింట్లు. ఒక సైడింగ్‌లో ఐదు వ్యాగన్లు, మిగతా రెండింటిలో మూడేసి పడతాయి. ఇవతలి కొసలో ఇంజిన్, మూడు వ్యాగన్లు నిలిచేంత పట్టా. మొత్తం ఎనిమిది వ్యాగన్లు. చీటీలు తీసి, వచ్చిన ఐదింటిని వచ్చిన వరసలోనే జతచేసి బండి తయారుచేయాలి. ఎన్ని వరసలు సాధ్యమో తెలుసా? 8 × 7 × 6 × 5 × 4 = 6720. ఫోన్‌లో పజిల్ గేమ్స్ ఆడేవాళ్లు దీన్ని వదలరు, గ్యారంటీ.

చోటు లెక్క ఇది. బొగ్గు మోసే బాక్స్‌ఎన్ వ్యాగన్ 10.7 మీటర్లు, మోడల్‌లో 12.3 సెంటీమీటర్లు. ఐదుకి 62. నా డీజిల్ ఇంజిన్ అసలుది సుమారు 17 మీటర్లు, మోడల్‌లో 20. ఇంజిన్‌తో పాటు మూడు వ్యాగన్లకి 57. రెండు పాయింట్లకి 46. మొత్తం 165 సెంటీమీటర్లు, అయిదున్నర అడుగులు. దీనికి ఫౌలింగ్ మార్క్ చోటు కలపాలి. అంటే పక్క లైన్‌లో పోయే బండికి తగలకుండా వ్యాగన్ ఆగాల్సిన హద్దు, నిజం రైల్వేలో కూడా ఉంటుంది. అన్నీ కలిపి ఏడడుగులు పెట్టుకున్నా. వెడల్పు ఒక అడుగు. పాత షీట్‌లోంచే వడ్లాయనతో మూడున్నర అడుగుల ముక్కలు రెండు కోయించా. బోల్టులతో కలిసేలా, విప్పితే మంచం కింద దూరేలా.

నిజాయితీగా ఒక మాట. ఇప్పటి బొగ్గు రేక్ మొత్తం ఒకటిగా పోతుంది, ఒక్కో వ్యాగన్ విడదీసి షంటింగ్ చేయడం పాతకాలం పద్ధతి. బాక్స్‌ఎన్‌తో ఆ ఆట ఆడటం కాలాలు కలిపేయడమే. తెలిసే చేశా. బోర్డు మీద డోర్నకల్ అని మాత్రం రాయలేదు.

ఫోన్‌తో ఇంజిన్ నడపడం

మామూలు 12 వోల్టుల డీసీ పద్ధతిలో పట్టాకి ఎంత వోల్టేజ్ ఇస్తే ఇంజిన్ అంత వేగం. ఒకే పట్టా మీద రెండు ఇంజిన్లు పెడితే రెండూ కదులుతాయి. డీసీసీ అలా కాదు. పట్టాల్లో కరెంటు ఎప్పుడూ నిండుగా ఉంటుంది, కానీ ప్లస్ మైనస్‌లు క్షణక్షణం తారుమారవుతుంటాయి. ఆ తారుమారు 58 మైక్రోసెకన్లకైతే ఒకటి, 100 లేదా అంతకన్నా ఎక్కువకైతే సున్నా. అంటే అదే తీగలో పవర్, అదే తీగలో డేటా. ఇంజిన్‌లోని డీకోడర్‌కి ఒక అడ్రస్ ఉంటుంది (కొత్తదైతే సాధారణంగా 3). తన అడ్రస్‌తో వచ్చిన ఆదేశమే అది పాటిస్తుంది. ఇది అమెరికా సంస్థ ఎన్ఎంఆర్ఏ ఖరారు చేసిన ప్రమాణం కావడంతో ఏ కంపెనీ డీకోడర్ అయినా పనిచేస్తుంది.

కంట్రోలర్ కొనలేదు. డీసీసీ-ఈఎక్స్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ని ఆర్డుయినో మెగాలో ఎక్కించి, పైన మోటార్ షీల్డ్ పెట్టి, వైఫైకి ఒక ఈఎస్‌పీ బోర్డు తగిలించా. ఫోన్‌లో ఇంజిన్ డ్రైవర్ అనే ఉచిత యాప్. ఒక జాగ్రత్త: ఆర్3 మోటార్ షీల్డ్ అయితే వెనకున్న విన్ లింక్ కత్తిరించాలి, లేదంటే పట్టాకిచ్చే వోల్టేజ్ నేరుగా ఆర్డుయినోలోకి పోతుంది. ఆ షీల్డ్ ఒక్కో ఛానల్‌కి 2 ఆంపియర్లే ఇస్తుంది, నా లాంటి చిన్న లేఅవుట్‌కి చాలు.

ఒక్క ఇంజిన్‌కి డీసీసీ అవసరమా అంటే, కాదు. డీసీతో కూడా ఈ ఆట ఆడొచ్చు. కానీ వ్యాగన్‌ని తాకీ తాకనట్టు జతచేయాలంటే అతి నెమ్మదిగా నడవాలి, ఆ పట్టు డీసీసీలో బాగుంటుంది. పైగా, నాకు కావాలనిపించింది.

కోడ్ ఎక్కించడం గంట పని. వైరింగ్ నెల పట్టింది. పట్టాలు కలిపే చిన్న లోహపు ముక్కల మీదుగా కరెంటు సరిగా పోతుందని నమ్మొద్దు. బోర్డు కింద రెండు లావు తీగలు పరిచి, ప్రతి పట్టా ముక్కకీ వాటి నుంచి సన్న తీగ సోల్డర్ చేయాలి. పరీక్షకి మీటర్ కూడా అక్కర్లేదు. కరెంటు ఇచ్చి, అడుగుకోసారి ఐదు రూపాయల బిళ్లని రెండు పట్టాల మీద అడ్డంగా పెట్టండి. ప్రతిసారీ కంట్రోలర్ వెంటనే ట్రిప్ అవ్వాలి. కాలేదంటే అక్కడ తీగ బలహీనం, తీసేయండి. నాకు రెండో బోర్డు చివర ట్రిప్ కాకుండా బిళ్ల వేడెక్కింది. ఇంకో తీగ వేశాక సరిపోయింది.

రెండు బోర్డులు కలిసే చోట పట్టాలు తరచూ పక్కకి జరుగుతాయి. అంచులో ఇత్తడి స్క్రూలు దింపి, వాటి తలలకి పట్టాల్ని సోల్డర్ చేసి, ఆ తర్వాతే పట్టాని సన్న రంపంతో కోశా. ఎన్నిసార్లు విప్పి బిగించినా కొసలు ఎదురెదురుగానే ఉంటున్నాయి.

మట్టి మాత్రం పైసా ఖర్చు లేదు. మా చేను మట్టినే ఎండబెట్టి, చీర ముక్కలో జల్లించా. ఫెవికాల్‌లో సగానికి సగం నీళ్లు, ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపి పోస్తే అతుక్కుంటుంది. అంతకన్నా ముందు ఆ మట్టి మీద అయస్కాంతం తిప్పాలి. నాకు చిటికెడు నల్లటి రజను అంటుకొచ్చింది. అది ఇంజిన్ మోటార్‌లోని అయస్కాంతానికి పట్టుకుంటే మోటార్ పని అయిపోయినట్టే.

ఇప్పుడు చీటీలు తమ్ముడు తీస్తాడు, షంటింగ్ నేను చేస్తా. వాడి వంతు వచ్చినప్పుడు నాకన్నా తక్కువ కదలికల్లో ముగిస్తున్నాడు, అది వేరే బాధ. మొన్న మొదటి విడత పత్తి వచ్చింది. నాలుగు బోల్టులు విప్పి, రెండు ముక్కలూ మంచం కిందికి నెట్టడానికి పది నిమిషాలు పట్టింది. అవ్వ వంగి చూసి, "దీనికి మా ఊరి పేరు పెట్టరాదు" అంది. స్టేషన్ బోర్డు మీద గంగారం అని పసుపు మీద నలుపుతో రాశా. ఆరడానికి కిటికీలో పెట్టా.